ఇన్‌చార్జి మేడం

మా బడి ఆఫీసు గదిలో గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. ఇక్కడ హెడ్మాస్టర్లుగా చేసినవాళ్ల పేర్లు దాని మీద వరుసగా రాసి ఉంటాయి. మొన్న కొత్త సారు దానికి మళ్లీ రంగు వేయించాడు. పెయింటరు పోయిన తర్వాత, చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన నేను కాసేపు నిలబడి చదివాను. నాది నెమ్మది చదువు. ఒక్కొక్క పేరు నోట్లో పలుక్కుంటూ కిందికి వచ్చాను. ఆమె పేరు లేదు. పాత సారు పేరు కిందనే కొత్త సారు పేరు ఉంది. ఆ ఇద్దరి మధ్య బడిని మోసిన మనిషి ఉన్నట్టే లేదు.

"సార్, పెయింటరు మా మేడం పేరు మరిచిండు," అన్నాను.

"మరువలేదమ్మా. ఆమె ఇన్‌చార్జి కదా. రెగ్యులర్‌గా వచ్చినోళ్ల పేర్లే రాస్తరు," అన్నాడు సారు.

ఆయన మంచివాడే. ఉన్న సంగతి చెప్పాడు. నేను గ్లాసులు తీసుకొని వంటగదికి వచ్చాను.

నేనూ ఇక్కడ ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిచిన ప్రతివాళ్లూ ఆమెకు ఏదో ఒక పని చెప్పినవాళ్లే. నేను కూడా పిలిచి ఎందుకు ఆపాలి?

ఈ బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరం, నేనూ ఖాజాబీనూ. నాకు అక్షరాలు కూడా ఈ వంటగదిలోనే వచ్చాయి. ఏ రోజు ఏ కూర వండాలో గోడ మీద రాసి ఉండేది. ఆ కూర వండుకుంటూ ఆ మాట చూసి చూసి పట్టుబడింది. వంటగది తలుపు నుంచి బడి గేటు నేరుగా కనిపిస్తుంది. అందుకే ఆమెను నేను ఎక్కువగా గేటు దగ్గర చూశాను.

నల్గొండ నుంచి మర్రిగూడ దాకా బస్సు, అక్కడి నుంచి మా ఊరికి ఆటో. ఆటో దిగి గేటులో కాలు పెట్టగానే మనుషులు చుట్టుకునేవాళ్లు. నల్లా రాలేదని ఒకరు. పిల్లకు సర్టిఫికెట్ కావాలని ఒక తల్లి. ఇంట్లో పని ఉంది, మధ్యాహ్నం పోతానని ఒక టీచరు. అందరికీ నడుచుకుంటూనే జవాబు చెప్పేది. ఆఫీసు గదికి చేరేసరికి ఆమె మొహం సాయంత్రం మొహంలా అయ్యేది.

"మేడంను గేటు కాడ సూడంగనే అందరికి ఏదో ఒక పని యాదికొస్తది," అని నవ్వేది ఖాజాబీ. "ఆడ గేటుకు తాళమేసి, ఎనక గోడ దునికి రమ్మందామా?"

ఆ మాట ఆమెకు చెబితే పడీ పడీ నవ్వింది. "దునుకుత గానీ ఖాజాబీ, గోడ అవుతల గూడ ఎవరో ఒకరు నిలబడి ఉంటరు," అన్నది. అది మొదటి ఏడాది సంగతి. అప్పుడు ఇంకా నవ్వేది.

ఆమె లెక్కల టీచరు. పాత హెడ్మాస్టరు రిటైరైతే కొత్తవాళ్లు రాలేదు. అలాంటప్పుడు చార్జి, అంటే తాళాలూ జవాబుదారీ రెండూ, బడిలో సీనియర్ మీద పడతాయి. ఆమె కన్నా సీనియర్ సార్లు ఇద్దరు ఉండిరి. ఒకాయన బీపీ ఉందన్నాడు. ఇంకొకాయనకు నల్గొండలో ప్లాట్లు అమ్మే పని ఉండేది. ఆ సంగతి ఆయన చెప్పలేదు, "ఇంట్ల ఇబ్బందులున్నయి" అన్నాడు. మూడో మాట ఆమెది. ఆమెకూ చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. మంచం పట్టిన అత్త, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారం ఆదివారం వచ్చే భర్త, హాస్టల్లో బిడ్డ. ఏదీ చెప్పలేదు. "కొన్నాళ్లే కదా," అని తాళాలు అందుకుంది. ఆ కొన్నాళ్లు ఏండ్లు నడిచాయి. లెక్కల క్లాసులు మాత్రం తగ్గలేదు.

బడిలో ఉన్నంతసేపు భుజం మీది సంచి దింపేది కాదు. కుర్చీలో కూర్చున్నా అంచు మీదనే. ఇప్పుడే వచ్చినట్టో, ఇప్పుడే పోతున్నట్టో ఉండేది. చేనేత ఇంటి ఆడబిడ్డ, చండూరు దిక్కు వాళ్లు. పై ఆఫీసర్లతో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కొంగు అంచును రెండు వేళ్ల మధ్య పట్టి మెలివేసేది. మగ్గం మీద పోగు తెగితే అతికేవాళ్లు వేళ్లను అట్లాగే తిప్పుతారు. ఫోను పెట్టేసిన తర్వాత కూడా వేళ్లు ఆగేవి కావు. ఆ కొంగంతా ముడతలు పడి ఉండేది.

ఆమె నోటి మాట ఒకటుండేది. "గిది కానియ్యి, నా సంగతి తర్వాత సూద్దాం." తిన్నావా మేడం అంటే అదే మాట. జ్వరమొచ్చినట్టుంది మేడం అంటే అదే మాట.

ఎవరు సెలవు అడిగినా ఇచ్చేది. ఇచ్చి, వాళ్ల క్లాసు తనే చెప్పేది. మా దిక్కు బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, నా ఈడువాళ్లు నవ్వితే గారపట్టిన పండ్లే చెబుతాయి. పిల్లలు ఆటల నుంచి దూప మీద ఉరికివచ్చి బోరు నీళ్లు తాగుతారేమోనని ఇంటర్వెల్లులో బోరు ముందు తనే పోయి నిలబడేది. "నల్లా నీళ్ల డ్రమ్ము అక్కడుంది బిడ్డా, అటు పో," అని చేతులు చాపి కోళ్లను మళ్లేసినట్టు మళ్లేసేది. చేతులు చాచి ఉన్నప్పుడు కూడా సంచి భుజం మీదనే.

పిల్లలకు వడ్డించే ముందు హెడ్మాస్టరు రుచి చూడాలని నియమం. ఆమె వంటగది తలుపు దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపేది. నేను గరిటెతో కొంచెం చారు పోసి, రెండు మెతుకులు పెట్టేదాన్ని. మొదట్లో అది మాకు పరీక్షలాగే ఉండేది.

"ఖాజాబీ, ఇయ్యాల ఎవరి మీద కోపమొచ్చింది నీకు? ఇంత కారమేసినవ్."

"మా ఆడిబిడ్డ మీద మేడం."

"రేపటికల్లా రాజీ పడు. పిల్లల కండ్లల్ల నీళ్లొస్తయి."

ఇట్లా ఉండేది. చింతపండు పాతదైనా చెప్పేది, పప్పు ఒక్క ఉడుకు తక్కువైనా చెప్పేది. తర్వాత తర్వాత ఆ మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. ఒక చెవికి ఫోను పెట్టుకొని వచ్చేది. చెయ్యి చాపేది. నోట్లో వేసుకునేది. "సరిపోయింది," అని తల ఊపి పోయేది. ఆ రెండు మెతుకులే ఆమె పగటి అన్నమని మాకు ఆలస్యంగా తెలిసింది. తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే మళ్లీ నల్గొండ పోయేది.

మేము ఆమె మాట మీద భరోసా పెట్టుకొని బతికాం. ఆమె సరిపోయిందంటే సరిపోయినట్టే.

ఆ రోజు శనివారం, రంజాన్ నెల. ఖాజాబీకి రోజా. ఉమ్మి కూడా మింగని రోజా ఆమెది. అందుకే ఆ నెలంతా ఉప్పు పని నాకు వదిలేది, నేను వేసి రుచి చూసేదాన్ని. కానీ ఆ రోజు నాకూ శనివారం ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా ఏదీ నోట్లో పెట్టను. నేను కూరగాయలు కడగడానికి బయటికి పోయాను. నాకు ఒక్కపొద్దు కదా, రుచి చూడను కదా అని ఖాజాబీ తనే అందాజుగా పప్పుచారులో ఉప్పు వేసింది. నేను లోపలికి వచ్చి, రోజా రోజుల్లో ఆమె ఉప్పు ముట్టదు కదా అని నేనూ అందాజుగా వేశాను. ఇద్దరమూ ఒకరినొకరం అడగలేదు. మేడం వచ్చింది. చెయ్యి చాపింది. మింగింది.

"సరిపోయింది," అన్నది.

వడ్డించాం. మొదటి బంతిలోనే ఒక పిల్ల ముద్ద నోట్లో పెట్టుకొని కండ్లు పెద్దవి చేసింది. "అవ్వా, సముద్రం నేను సూడలే గానీ గిట్లనే ఉంటదేమో," అన్నది. బంతి బంతంతా గొల్లుమని నవ్వింది. తర్వాత ఉమ్మడం మొదలైంది. చారంతా బడి వెనక పారబోశాం. మా ఇంటి నుంచి మామిడికాయ తొక్కు తెచ్చి ఉత్త అన్నంలో కలిపి పెట్టాం. అప్పటికే ఊళ్లో ఎవరో ఫోన్లో వీడియో తీశారు. పిల్లలు ఉమ్ముతున్న వీడియో మండలం దాటిపోయింది.

సోమవారం పై నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆఫీసు గదిలో ఆయన కూర్చున్నాడు, టీచర్లంతా గోడ పక్కన నిలబడ్డారు. మమ్మల్ని ముందుకు పిలిచారు.

"ఉప్పు ఎవరేసిండ్రు?" అన్నాడు ఆఫీసరు.

"నేనేసిన సార్," అన్నాను.

"నేను గూడ ఏసిన సార్," అన్నది ఖాజాబీ.

"ఇద్దరేసిండ్రా? మరి ఎవ్వరు రుచి సూడలేదా?"

"ఒక్కపొద్దు సార్."

"రోజా సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. "భక్తి మంచిగనే ఉంది. పిల్లల కడుపులు మాత్రం ఎండినయి. ఈ ఇద్దరిని తీసేసి వంట ఇంకో గ్రూపుకు ఇయ్యిన్రి మేడం," అన్నాడు.

ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది.

మేడం కుర్చీ పక్కన నిలబడి ఉంది. కొంగు అంచు వేళ్ల మధ్య ఉంది. "నేను సూసిన సార్ రుచి," అన్నది. "పిల్లల కంటే ముందు నేనే తిన్న. సరిపోయిందని నేనే చెప్పిన."

"అంత ఉప్పు మీకు తెలువలేదా మేడం?"

"తెలువలేదు సార్. నాకు ఉప్పు తెలుస్తలేదు. కారం తెలుస్తలేదు. చానా రోజులాయె. నోట్ల పెట్టుకుంట, మింగుత. ఏం తిన్ననో నాకు తెలువది. ఆ చార్జి..."

అక్కడ ఆగింది. ఏదో వెతుకుతున్నట్టు బల్ల వైపు చూసింది. ఆమె తన సంగతి నలుగురిలో చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఈ ఒక్క మాట ఎవరైనా అందుకుంటే చాలు, ఈమె బయటపడుతుంది అనుకున్నాను.

ఆఫీసరు మొహం మెత్తబడింది. నేను సంతోషపడ్డాను. ఆయన అన్నాడు, "మేడం, నాకు అర్థమైంది. మీది పెద్ద మనసు. పని చేసుకునే ఆడోళ్ల పొట్ట మీద కొట్టొద్దని నింద మీ మీద ఏసుకుంటున్నరు."

"గట్ల కాదు సార్," అన్నది మేడం.

"మా మేడం గట్లనే సార్," అన్నాడు ప్లాట్ల సారు గోడ పక్క నుంచి. "అందరిది తనే మోస్తది. ఆమె ఉన్నది కాబట్టే బడి నడుస్తాంది."

బీపీ సారు తల ఊపాడు. అందరూ తల ఊపారు. ఒక చిన్న టీచరమ్మ కండ్లు తుడుచుకుంది. ఆఫీసరు మాకు గట్టిగా బుద్ధి చెప్పి, చాయ్ తాగి, పోతూ పోతూ మేడంకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. మా పని నిలబడింది.

సాయంత్రానికి ఊరంతా ఆమె మంచితనమే. మా పొదుపు గ్రూపు ఆడవాళ్లు బడికి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. నీ కడుపు సల్లగుండ అన్నారు. ఆమె నిలబడి అందరికీ తల ఊపింది.

వాళ్లు పోయిన తర్వాత వంటగదిలోకి వచ్చింది. అక్కడ బోర్లించి ఉన్న పెద్ద గిన్నె మీద కూర్చుంది, సంచి తీసి కింద పెట్టి, పూర్తిగా కూర్చుంది. ఖాజాబీ, నేను ముఖాలు చూసుకున్నాం.

"అక్కా, నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?" అన్నది నాతో.

"ఏమని మేడం?"

"మీ కోసం అబద్ధమాడిన్నని."

"లేదు. నీకు అబద్ధమాడ రాదు. ఆడితే నాకు తెలుస్తది."

ఏడుస్తదనుకున్నాను. ఏడవలేదు. "ఇన్నేండ్లల్ల ఒక్కసారి నా సంగతి చెప్పిన అక్కా," అన్నది. "దండం పెట్టి పోయిండ్రు."

ఖాజాబీ పొయ్యి దగ్గర నుంచి లేచింది. "దవాఖానకు పో మేడం. జర మంచి డాక్టర్‌కు సూపెట్టు."

"పోయిన ఖాజాబీ. రెస్టు తీసుకోమన్నడు. చార్జి ఎవరికియ్యాల్నో ఆయనను అడగలే."

కొంచెం నవ్వబోయింది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. లేస్తే లేచినట్టు ఉండదట. పండుకుంటే పండుకున్నట్టు ఉండదట. క్లాసులో బోర్డు మీద లెక్క మొదలుపెట్టి సగంలో నిలబడిపోతుందట. పిల్లలే చెప్పుతారట తర్వాత ఏమో. ఒకనాడు బస్సులో నల్గొండ దాటి పోయిందట. కండక్టరు లేపితే, నిద్ర పోలేదు, మెలకువగానే ఉన్నది, దిగాలని మాత్రం తోచలేదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. భర్తకు చెబితే ఆయన ఫికర్ పడతాడు, ఆయన ఫికర్ కూడా తనే చూసుకోవాలి.

"ఇడిసిపెట్టు మేడం," అన్నాను. "చార్జి ఇడిసిపెట్టు."

"ఎవరికి ఇడువాలె?"

"ఎవరికో. నీకెందుకు?"

"నాకెందుకు," అన్నది. ఇంకోసారి అన్నది, కొత్త మాట నేర్చుకునేవాళ్లు అన్నట్టు. బయట ఎవరో "మేడం!" అని పిలిచారు. లేచింది. సంచి తీసుకొని భుజానికి వేసుకుంది.

ఆ తర్వాత సార్లిద్దరినీ అడిగిందట. "మీరైతేనే బాగుంటది మేడం, ఊరంతా మిమ్మల్నే అంటాంది," అన్నారట. మా ఉప్పు ఆమె మెడకు ఇంకో ముడి వేసింది. ఎండాకాలంలో బదిలీలు వచ్చేదాకా అట్లనే నడిచింది. తిరుమలగిరి దిక్కు ఒక బడికి పడింది. కొత్త సారుకు తాళాలు అప్పజెప్పింది. అందరికీ సెలవులు, బడిలో పిల్లలు లేరు. ఖాజాబీ, నేను గేటు దాకా పోయాం. ఆ రోజు గేటు దగ్గర ఆమెను ఆపినవాళ్లు ఎవరూ లేరు.

పోయిన ఏడు నేను కండ్లు చూపించుకోవడానికి నల్గొండ పెద్ద దవాఖానకు పోయాను. తిరిగి వస్తూ బస్టాండులో మర్రిగూడ బస్సు కోసం చూస్తుంటే, బెంచీ మీద ఆమె కనిపించింది. కొంచెం ఒళ్లు చేసింది. తల నెరిసింది. నన్ను చూసి జరిగి జాగా ఇచ్చింది.

"పానమెట్లుంది మేడం?"

"మంచిగుంది అక్కా. నిద్ర పడుతాంది. నోటికి అన్ని తెలుస్తున్నయి."

"కొత్త బడి మంచిదేనా?"

"అక్కడ గూడ హెడ్మాస్టర్ లేడు అక్కా," అన్నది. "పోయిన రోజే తాళాలు నా ముంగట పెట్టిండ్రు. సీనియర్ మీరే, ఎక్స్‌పీరియన్స్ ఉంది, తీసుకోండ్రి అన్నరు."

ఆమె దిక్కు తిరిగాను. "ఏమన్నవ్?"

"నాతోని కాదన్న. డాక్టర్ కాగితం పెట్టిన. బతిమిలాడిండ్రు. కాదన్న. కోపానికొచ్చిండ్రు. అయినా కాదన్న."

"మంచి పని చేసినవ్ మేడం!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి అట్లనే ఉంది. తిరిగి నా చెయ్యి పట్టుకోలేదు.

"నా తర్వాత సీనియర్ ఒక చిన్న మేడం. సంక పిల్ల తల్లి. చార్జి ఆమె మీద పడ్డది. పిల్లను అమ్మగారింట్ల ఇడిసి వస్తాంది ఇప్పుడు. నేను స్టాఫ్ రూముల అడుగు పెడితే మాటలు ఆగిపోతయి. ఆ చిన్న మేడం నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు. పొద్దున ఆమె గేటు దాటుతుంటే అందరు చుట్టుకుంటరు. నేను పక్క నుంచి ఎల్లిపోత. నన్ను ఎవ్వరు పిలువరు."

నువ్వు చేసింది తప్పు కాదని అనబోయి ఆగాను. ఆ పిల్ల తల్లి మొహం ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఏండ్ల తరబడి వంటగది తలుపులోంచి చూసిన మొహమే అది.

"మంచిగైన కొద్ది ఎవ్వరికి మొహం సూపియ్య బుద్ది కాదు అక్కా," అన్నది.

"ఇంటికి పోవా? పొద్దుగూకుతాంది."

"పోత. అత్త పోయినంక ఇంట్ల ఎవరున్నరు? రోజు జరసేపు గిట్ల కూసొని పోత. ఇక్కడ నన్ను ఎవ్వరు ఎరుగరు."

మర్రిగూడ బస్సు వచ్చింది. "పో అక్కా, మళ్ల బస్సు దొరకది. ఖాజాబీని అడిగిన్నని చెప్పు," అని నన్ను తనే లేపింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు జనం కోసం కాసేపు ఆగింది.

కర్ర పట్టుకున్న ఒక ముసలాయన బస్టాండులో ఒక్కొక్కరినీ ఏదో అడుగుతూ వస్తున్నాడు. బెంచీ దగ్గరికి వచ్చి ఆమెనూ అడిగాడు. ఏ బస్సు గురించో. ఆమె తల అడ్డంగా ఊపింది, తెలియదన్నట్టు. ఆయన ముందుకు పోయాడు. పోతూ పోతూ తప్పు దిక్కుకు తిరిగాడు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకొని చూస్తూ కూర్చుంది. మా బస్సు కదిలింది. అప్పుడు ఆమె లేచింది. గబగబా ఆయన వెనక పోయి, భుజం మీద చెయ్యి వేసి, ఇటు అని మళ్లించింది. మళ్లీ వచ్చి కూర్చున్నదో, ఆయనను బస్సు ఎక్కించడానికి వెంట పోయిందో, బస్సు మలుపు తిరిగింది, నాకు కనిపించలేదు.